ఇసుక సంచి కింద స్టూలు

మా తమ్ముడి మనవరాలు ఇక్కడే, రాయచూరులో నర్సింగు చదువుతోంది. పరీక్షలు దగ్గర పడ్డాయంటే లావుపాటి పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, ఒప్పజెబుతాను వినమంటూ నా మంచం పక్కన చతికిలబడుతుంది. మొన్న ఎముకల, కీళ్ల పాఠం వచ్చింది. తొడ ఎముక విరిగినవాళ్లకు కాలికి బరువు కట్టి లాగి ఉంచే పద్ధతి గురించి గడగడా చెప్పుకుపోతూ, ఆ బరువు నేలకూ మంచానికీ తగలకుండా గాలిలో వేలాడుతూ ఉండాలని, డాక్టరు చెప్పకుండా ఎవరూ ఎత్తకూడదని ఒక్క గుక్కలో చెప్పేసి తరువాతి దానికి పోయింది. ఆ తరువాత అది చెప్పిందేదీ నాకు వినబడలేదు.

నేను నర్సింగులో చేరి నలభై ఏళ్లు దాటింది. బజారులో బట్టల కొట్టున్న ఇంటి పిల్ల పదిమంది గాయాలు కడగడానికి పోవడమేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటే, మా నాన్న ఒక్కడే సరేనన్నాడు. ఎముకల వార్డులో పడ్డ మూడు నెలలూ నాకు బాగా గుర్తు. మన కాలం వాళ్లకు తెలుసు, అప్పట్లో చెయ్యి విరిగినా కాలు విరిగినా ముందు నాటు కట్టే. వెదురు బద్దలూ కోడిగుడ్డు సొనా అయ్యాక, వాచిపోయి జ్వరం వస్తే తప్ప ఆస్పత్రి గడప తొక్కేవాళ్లు కాదు. ఒక మంచం మీద కన్నడంలో నోవు అని, పక్క మంచం మీద నొప్పి అని, ఆ పక్కన ఉర్దూలో దర్ద్ అని మూలిగేవాళ్లు. సిమెంటు కట్టుకు కావలసిన చుట్టలు కూడా మేమే, పల్చటి గుడ్డ మీద తెల్లపొడి రుద్ది, చుట్టి డబ్బాలకెత్తేవాళ్లం. మోచేతుల దాకా తెల్లబడి ఇంటికి పోతే మా అమ్మ, పిండిమరలో ఉద్యోగమా అని ఎగతాళి చేసేది.

ఆ వార్డుకే చంద్రబండ నుంచి పద్నాలుగేళ్ల పిల్లను తెచ్చారు. పత్తి బోరాల బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. తల్లి లేదు, తోడు వచ్చింది నాయనమ్మ. మోకాలి కింద ఎముకలోంచి కడ్డీ దూర్చి, దానికి తాడు కట్టి, మంచం చివర గిలక మీదుగా ఇసుక సంచి వేలాడదీశారు. తొడ కండలు బిగుసుకుని విరిగిన ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాక్కుంటాయి. ఆ సంచి బరువే వాటిని వరుసలో ఉంచాలి. కొత్త ఎముక గట్టిపడేదాకా, అంటే నెలన్నర పైన, అలా పడుకోవాలి. ఊళ్లో నెత్తి మీద రెండు బిందెలు పెట్టుకుని, చెయ్యి పట్టకుండా బావి నుంచి వచ్చేదాన్ననీ, మళ్లీ అట్లా మోస్తానా అనీ రోజూ అడిగేది. మోస్తావని రోజూ మాట ఇచ్చేదాన్ని.

మధ్యాహ్నం నాయనమ్మ బట్టలు ఉతకడానికి పోగానే ఆ పిల్ల ఏడుపు మొదలయ్యేది. వార్డు సిస్టరుకు రెండుసార్లు చెప్పాను. మొదటిసారి మాత్ర ఇచ్చింది. రెండోసారి, ఎముక విరిగితే నొప్పి కాక ఏముంటుందని నన్నే కసిరింది. ఆమెను అనడానికి లేదు, నలభై మంచాలకు ఆమె ఒక్కతే. మూడోసారి పోయి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

“అక్కా, జర ఆ ఉసికె సంచి ఎత్తవా. జర సేపే. నీ కాళ్లు మొక్కుత.”

స్టూలు జరిపి సంచి కింద పెట్టాను. తాడు వదులైంది, పిల్ల ముఖమూ వదులైంది, కాసేపట్లో నిద్రపోయింది. ఆ ముఖం చూస్తుంటే నాకంటే పుణ్యాత్మురాలు లేదనిపించింది. అరగంటకు సిస్టరు వచ్చేలోపు స్టూలు తీసేశాను. పాఠం నాకు రాక కాదు. అరగంటకు ఏమవుతుందిలే అనుకున్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అలా రెండు వారాలు గడిచాయి, అరగంట కాస్తా గంటయింది, అసలు ఆ వారాల్లోనే ఎముక అతుక్కోవడం మొదలవుతుంది.

ఎక్స్‌రే చూసి డాక్టరు ముఖం మాడ్చుకుని వచ్చాడు. ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కి అలాగే అతుక్కుంటున్నాయి. టేపు తెమ్మని రెండు కాళ్లూ కొలిచాడు. కుడికాలు రెండు వేళ్ల మందం పొట్టి. మళ్లీ విడదీసి సరిచేయడం ఆనాడు మా దగ్గర అయ్యే పని కాదు. బరువు ఎవరు ఎత్తారని అడిగాడు. ఆ పిల్ల దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. నాయనమ్మ నా వైపు చూసింది. ఒకనాడు ఆమె తడిబట్టలు భుజాన వేసుకుని పెందలాడే వచ్చి, స్టూలు చూసి, ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

“నేనే ఎత్తిన సారూ. తెల్వక ఎత్తిన,” అంది.

నీ ప్రేమతో పిల్లను కుంటిదాన్ని చేశావని వార్డంతా వినేలా డాక్టరు ఆమెను తిట్టాడు. టేపు రెండో కొస నా చేతిలోనే ఉంది. తరువాత వరండాలో ఆమె దగ్గరకు పోతే, అయ్యిందేదో అయ్యింది, చదువుకునే పిల్లవు, నిన్ను వెళ్లగొడితే ఆ కాలు పెరుగుతుందా అని తన పని తాను చూసుకుంది. నిజం చెప్పాలంటే నాకప్పుడు కలిగింది దుఃఖం కాదు, బతికిపోయానన్న ఊరట. దుఃఖం తరువాత వచ్చింది, వచ్చి ఇక పోలేదు.

ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. ఏ వార్డులో ఉన్నా వేలాడే బరువు కనబడితే కింద ఏమైనా ఉందేమోనని వంగి చూడకుండా దాటలేదు. రిటైరయ్యాక ఒకరోజు బస్టాండులో కూర్చుని ఉంటే వెనక నుంచి అడుగుల చప్పుడు వినబడింది, ఒకటి తేలిక, ఒకటి బరువు. తిరిగి చూస్తే కుడికాలి చెప్పుకు మందపాటి టైరు ముక్క మేకులతో కొట్టించుకున్న ఆడమనిషి. నేను గుర్తుపట్టకముందే ఆమె నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది. నాయనమ్మ పోయి చాలా కాలమైందట. పిల్లలు, వాళ్ల పిల్లలూ ఉన్నారట. బిందెల మాట నేను ఎత్తకపోయినా తనే నవ్వుతూ, ఒక్కటి నడుముకు పెట్టుకుని తెచ్చేదాన్ని, రెండోదానికి మళ్లీ పోయేదాన్ని, ఇప్పుడు నల్లా వచ్చిందిలే అంది. తరువాత వెంట ఉన్న కోడలికి నన్ను చూపించింది.

“ఆ దవఖానల నా నొప్పి చూసినోళ్లు ఈ అక్క ఒక్కతే.”

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. చంద్రబండ బస్సు వచ్చింది, ఆమె లేచి వెళ్లిపోయింది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

మొన్న ఇదంతా మా తమ్ముడి మనవరాలికి చెప్పాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది పుస్తకం మూసేసి, ఇప్పుడు అట్లా వారాల తరబడి బరువులు కట్టరని, లోపల రాడ్ వేసి మూడో రోజే నిలబెడుతున్నారని నన్ను ఓదార్చబోయింది. మంచిదే. ఆ గిలకలూ తాళ్లూ ఇసుక సంచులూ ఏ స్టోర్ గదిలో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేవో. అయినా నొప్పి అని ఏడ్చే మనుషులు ఉంటారు, కసిరే పెద్దలూ ఉంటారు. జాలితో ఎత్తాననే నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. నిజానికి సిస్టరుకు మూడోసారి చెప్పడానికి భయపడి ఎత్తాను. నువ్వు మాత్రం మూడోసారి కూడా పోయి చెప్పవే అని దానితో అన్నాను. అది తలూపి, మరి ఆమెకు చెప్పావా పెద్దవ్వా అని అడిగింది.

చంద్రబండ ఎంతో దూరం కాదు. చెప్పి వద్దామని రెండుసార్లు బస్టాండు దాకా పోయి, బస్సు ఎక్కకుండానే తిరిగి వచ్చాను. ఇప్పటికీ వీధిలో నా వెనక ఎవరైనా నడిచి వస్తుంటే పక్కకు జరిగి నిలబడి, రెండు అడుగులూ ఒక్కలాగే పడుతున్నాయా అని వింటాను.