వెంకటసుబ్బారావు లాగిన్

అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో ఒక పంపుల కంపెనీ ఉంది. అందులో తాయారు పదకొండేళ్లు పనిచేసింది. వాషర్‌మెన్‌పేట్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం ఆమెది. టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, సాయంత్రం క్లాసులకు వెళ్లి నెట్‌వర్కు పని నేర్చుకుంది. కంపెనీలో ఎవరి కంప్యూటరు మొరాయించినా ముందు ఆమెనే పిలిచేవాళ్లు.

కరోనా రోజుల్లో డిజైన్ విభాగాన్నంతా ఇళ్లకు పంపినప్పుడు, ఇంటి నుంచి కంపెనీ సర్వర్‌లోకి వచ్చే దారి వేసింది ఆమే. పాస్‌వర్డ్ ఒక్కటే చాలదని, ఫోనుకు వచ్చే కోడ్ కూడా కొట్టాలని అందరికీ పెట్టింది. అందరికంటే ఎక్కువ సణిగింది ఆమె పైఅధికారి, ఐటీ మేనేజరు వెంకటసుబ్బారావు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి.

"కాఫీ తాగొచ్చేలోపు మళ్లీ కోడ్ అడుగుతోందమ్మా. నేనేమన్నా దొంగనా?" అన్నాడు ఫోన్లో.

"దొంగ మీ పేరుతోనే కదా సార్ వచ్చేది," అంది తాయారు.

నెల తిరక్కుండానే ఆ మాట నిజమైంది. ఒక సోమవారం పొద్దున సర్వర్లు తెరిస్తే పంపుల డ్రాయింగులన్నిటికీ, డబ్బు గుంజడానికి ఎవరో తాళం వేసేశారు. ఫ్యాక్టరీ తొమ్మిది రోజులు ఆగిపోయింది. దొంగలు వచ్చింది వెంకటసుబ్బారావు లాగిన్‌తోనే అని తేలింది.

"నాకు కోడ్ పెట్టడం ఆ అమ్మాయి మర్చిపోయిందండీ," అన్నాడాయన యజమాని జానకీదేవి ముందు.

"నా చేత్తోనే పెట్టినానమ్మా. లాగ్ తీసి చూడండి, అన్నీ రాసుంటాది," అంది తాయారు.

ఎవరు ఏ రోజు ఏం మార్చారో యంత్రమే రాసుకునే పట్టిక అది. కానీ దొంగలు వేసిన తాళం కింద అదీ ఉండిపోయింది. మేనేజరు మాటే నిలబడింది. అదే రోజు ఆమెను తీసేశారు. పోయేటప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ నాగప్పన్ ఆమె సంచీని బల్ల మీద కుమ్మరించాడు. దువ్వెన, మాత్రలు, నలిగిన జేబురుమాలు. షిఫ్టు దిగుతున్న వాళ్లంతా నిలబడి చూశారు. "పైనుంచి ఆర్డరమ్మా," అన్నాడు నాగప్పన్, తలెత్తకుండా. మేడ మీద అద్దాల వెనక వెంకటసుబ్బారావు నిలబడి ఉన్నాడు.

ఏడు నెలలు ఆమెకు ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. ఇంటర్వ్యూకు పోయిన ప్రతిచోటా ఆ పంపుల కంపెనీ సంగతే అడిగారు. భర్త యతిరాజులు హార్డ్‌వేర్ కొట్లో పనిచేస్తాడు, నెమ్మదస్థుడు.

"ఇడిసిపెట్టు తాయారూ. దేవుడు చూసుకుంటాడు."

"దేవుడికి శానా పనులుండాయి. ఇది నేనే చూసుకుంటా."

చివరికి పెరుంగుడిలో ఒక చిన్న కంపెనీ ఆమెను తీసుకుంది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులున్న సంస్థలకు క్లౌడ్ నుంచి కాపలా కాయడం వాళ్ల పని. ఉద్యోగి ఎక్కడున్నా సరే, ముందు వీళ్ల తనిఖీ దాటాలి. మనిషి ఎవరు, ల్యాప్‌టాప్ ఆరోగ్యంగా ఉందా, ఏ ఫైలు చూసే హక్కుంది అన్నవి చూశాకే, ఆ ఒక్క ఫైలు వరకే లోపలికి వదులుతారు. మేనేజరైనా, గుమాస్తా అయినా ఒకటే.

ఆ పని నేర్చుకుంటూనే తాయారు ఇంకొకటి గమనిస్తూ వచ్చింది. ఆ దొంగల ముఠా ఎప్పుడైనా పట్టుబడుతుందా అని వారం వారం వార్తల్లో వెతికేది. మూడో ఏట విదేశీ పోలీసులు వాళ్లను పట్టుకుని, వాళ్లు వేసిన తాళాలు తెరిచే సాధనాన్ని అందరికీ అందుబాటులో పెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్లకు పంపుల కంపెనీయే కాపలా కావాలని పెరుంగుడి కంపెనీ దగ్గరికొచ్చింది. తాయారు ఆ పని తనకే కావాలని అడిగింది.

"అక్కా, మీరు పనిచేసిన చోటు కదా. ఇబ్బంది లేదా?" అంది టీమ్ లీడరు భరణి.

"ఏమి ఇబ్బంది? ఆడ మూలమూలా నాకు తెలుసు," అంది తాయారు. మిగతాది చెప్పలేదు.

పంపుల కంపెనీకి పోయిన మొదటి రోజే వెంకటసుబ్బారావు ఆమెను చూసి, ఏమీ జరగనట్టు, "బాగున్నావా తాయారూ?" అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయింది.

ఆయన ల్యాప్‌టాప్ రెండేళ్లుగా అప్‌డేట్ కాలేదు. కొత్త తనిఖీ దాన్ని బయటే ఆపేసింది. అట్లాంటివి బాగుచేయడానికి గంట చాలు. తాయారు ఆయన పేరును జాబితా అడుగుకు నెట్టింది. మూడు వారాలపాటు ఆయన వేళచ్చేరిలోని ఇంటి నుంచి అంబత్తూరు దాకా ఎండలో, ట్రాఫిక్‌లో వచ్చి ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"నాది ఎప్పుడవుతుందమ్మా?"

"క్యూలో ఉండాది సార్."

ఆ జవాబు రోజూ చెప్పడం కోసం పొద్దున్నే ఉత్సాహంగా బస్సెక్కేదాన్నని ఆమె ఇప్పటికీ దాచుకోకుండా చెబుతుంది.

ఈలోగా తాయారు జానకీదేవి దగ్గర అనుమతి తీసుకుని, స్టోరులో పడి ఉన్న పాత డిస్కును పోలీసులిచ్చిన సాధనంతో తెరిచింది. లాగ్ బయటపడింది. తాయారు కోడ్ పెట్టిన అయిదో రోజు, ఉదయం పదకొండు ఇరవైకి, వెంకటసుబ్బారావు లాగిన్‌కు కోడ్ తీసేసినట్టు అందులో ఉంది. తీసినవారి పేరు దగ్గర ఆయన పేరే ఉంది.

సంగతి తెలిసి ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"రెండేళ్ల సర్వీసే మిగిలిందమ్మా. ఆ లైను రిపోర్టులో లేకపోతే ఏం పోతుంది చెప్పు?"

"నాకెన్నేళ్లు మిగిలుండిందో ఆ పొద్దు అడిగినారా సార్?"

జానకీదేవి పిలిచిన సమావేశంలో ఆమె ఏమీ వివరించలేదు. ఆ లైను తెర మీద పెట్టి, "సార్, మీరే చదవండి," అంది. ఆయన చదవలేదు. జానకీదేవి రెండుసార్లు చెప్పాక చదివాడు, తన పేరుతో సహా.

ఆ వారమే ఆయన్ను పంపేశారు. జానకీదేవి తాయారును మళ్లీ ఉద్యోగానికి రమ్మంది.

"ఉద్యోగం వద్దమ్మా. తప్పు నాది కాదని రాసి, గేటు దగ్గర నోటీసు బోర్డులో పెట్టండి. తమిళంలో కూడా రాయండి, షిఫ్టువాళ్లు చదవాల."

పెట్టారు. వెంకటసుబ్బారావు లాగిన్ మూసేయడం భరణి టీమ్‌లో ఎవరైనా చేసే పని. తాయారు ఎవరినీ చేయనివ్వలేదు, తన చేత్తోనే మూసింది.

ఇంట్లో యతిరాజులు అంతా విని, "పాపం, పెద్దాయన. ఆ మూడు వారాలు తిప్పకుండా ఉండుంటే సరిపోయేది," అన్నాడు.

"ఏడు నెలలు తిప్పాల్సింది," అంది తాయారు, అన్నం వడ్డిస్తూ.