నాయన చేతిలో రిమోటు

మా నాయన మార్కాపురం పలకల గనుల్లో దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఎండలకు తట్టుకోలేడని డాక్టరు అనడంతో నిరుడు వేసవిలో ఏసీ కొన్నాను. బిగించే రోజు మెకానిక్ స్టాండు, రాగి పైపు, స్టెబిలైజరు, విడిగా వైరు అంటూ ఇంకో తొమ్మిది వేలు చెప్పాడు. "నెలనెలా కరెంటు బిల్లు గూడా లెక్కేసుకోక్కా" అన్నాడు. మంచం మీద నుంచి నాయన అంతా విన్నాడు.

రోజూ ఉదయం ఏసీ వేసి, బట్టల దుకాణంలో పనికి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి గది చల్లగా ఉండేది. "హాయిగా పండుకున్నా తల్లీ" అనేవాడు నాయన.

ఒకరోజు ఒంట్లో బాగాలేక మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. గది తలుపు తీయగానే మొహానికి సెగ కొట్టింది. ఏసీ ఆపేసి ఉంది. రిమోటు చేతిలో పట్టుకుని నాయన స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆసుపత్రికి పోతుంటే ఆటోలో కాస్త తెలివొచ్చి గొణిగాడు. "నువ్వు పోంగానే ఆపేసి, వచ్చే ముందు ఏస్తన్నా తల్లీ. నా ఒక్కడికి అంత ఖర్చేంది?"

రెండు రోజులుండి పోయాడు. ఏసీ పెట్టించేవాళ్ళు ఏ లెక్కలైనా వేసుకోండి, పెద్దవాళ్ళ ముందు మాత్రం పైకి అనకండి.

దినాలయ్యాక, ఏసీ పెట్టించిన తర్వాత మొదటి కరెంటు బిల్లు వచ్చింది. ఏసీ లేనప్పుడు ఎంత వచ్చేదో, ఇంచుమించు అంతే వచ్చింది.