నాలుక కింద రాయి, నా ట్రంపెట్

ఆ రోజుల్లో ఓడరేవు పక్కనున్న మా వాట్‌గంజ్ పేటలో తెలుగువాళ్లకు దవడ వాచిందంటే అవి గవదబిళ్ళలే. మందు కూడా ఒకటే, మెడలో బంగారు గొలుసు. అలా డాక్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను, మీసం కట్టు మీద మహా శ్రద్ధ ఉన్నవాణ్ణి, మా మామ్మ గొలుసు వేసుకుని డ్యూటీకి వెళ్లాను. (కాలరు లోపల బాగానే దాచాననుకున్నాను, "దాదా, పెళ్లెప్పుడు?" అని క్రేన్ మీంచి ఒకడు అరిచేదాకా.) కంచంలో చింతపండు పులుసు కనబడితే చాలు, నోరూరగానే కుడి దవడ కింద బూరెలా పొంగి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. తినడం మానేస్తే కాసేపటికి దిగిపోయేది. వీధి వీధినా ఫుచ్కా, అదే మన పానీపూరీ, బండ్లున్న ఊళ్లో నోరూరకుండా బతకడమంటే మాటలా!

చివరికి ఒక డాక్టరు ఫొటో తీయించి, లాలాజలం వచ్చే సన్నటి గొట్టంలో రాయి అడ్డుపడిందన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు ఇంట్లో చెప్పడమే నేను చేసిన పొరపాటు. బియ్యం ఏరుతున్న మామ్మ చేట కింద పెట్టేసింది.

"ఏటీ, నోట్లో రాయా? నానేరిన బియ్యంలో రాయా? సిక్కోలు నుంచి ఒచ్చిన కాణ్ణించి ఈ సేత్తోనే ఏరతన్నాను, ఒక్కడి పన్ను ఇరగనేదు! ఆ డాకటేరుకి కళ్ళు కనపడవేటి?"

"బియ్యంలోది కాదు మామ్మా. లోపల దానంతటదే పుడతాదట."

"ఒరే బావూ, నోట్లో మాట పుడతాది గానీ రాయి పుడతాదేట్రా!"

ఆ రోజు నుంచి పరువు కోసం బియ్యం రెండుసార్లు ఏరేది. ఇంటిల్లిపాదీ ఆకలితో నన్ను తిట్టుకునేవాళ్ళు.

నా అసలు భయం వేరు. దవడ కింద కోసి గ్రంథినే తీసేయాలన్నాడు ఆ డాక్టరు. "ఒక్కోసారి పెదవి మూల కొద్దిగా జారుతుంది. మగవాడివి, నీకేం?" అన్నాడు. నాకేమా? మా తెలుగు చర్చి క్రిస్మస్ ఊరేగింపులో ట్రంపెట్ నాది. పెదవి మూలలు బిగిస్తేనే అందులో స్వరం. డాక్‌లో నేను వందలమందిలో ఒకణ్ణి. ట్రంపెట్ ఎత్తినప్పుడు మాత్రం ఖిదిర్‌పూర్ వీధి వీధంతా నా వైపు చూసేది. అది పోతే నేనేమిటి? అద్దం ముందు నిలబడి పెదవి జార్చి చూసుకుని ఏడ్చాను కూడా.

మా బ్యాండు మాస్టారు (ఆయన బెంగ నా మీద కాదు, ట్రంపెట్ మీద) బైపాస్ వైపు ఒక ఆసుపత్రిలో కోత లేకుండా రాయి తీసే డాక్టరమ్మ ఉందని కనుక్కొచ్చాడు. ఎర్రజెండా రాజ్యం చివరి రోజులవి. రాయి తీసే రోజున బంద్ రాకూడదని మామ్మ చర్చిలో ప్రత్యేకంగా ప్రార్థన పెట్టించింది. ప్రార్థన ఫలించి బస్సులు నడిచాయి.

నాలుక కింద మత్తు సూది వేశారు. మెలకువగానే ఉన్నాను. డాక్టరమ్మ చేతిలో కొబ్బరి ఈనె అంత సన్నటిదేదో ఉంది. అది కెమెరా అంటే నమ్మలేదు. "దేఖూన్ దాదా, మీ ఇల్లే!" అంటూ టీవీ వైపు చూపించింది. చూశాను. తడిగా మెరుస్తున్న గులాబీ రంగు సొరంగం, నీళ్లు పోసేకొద్దీ మెల్లగా విచ్చుకుంటోంది. పుట్టినప్పటి నుంచి నాలోనే ఉన్న దారి, నేనెప్పుడూ చూడని దారి! ఇంత సన్నగా చేసిన దేవుణ్ణి మెచ్చుకోవాలో, అందులో దూరే పనిముట్టు చేసిన మనిషిని మెచ్చుకోవాలో తెలియక ఒళ్ళు జలదరించింది. మలుపు తిరగ్గానే రాయి, తెర మీద పసుపు కొండలా. దాని పక్కనుంచి ఒక తీగ జారి అవతల చిన్న బుట్టలా విచ్చుకుంది, రాయిని ఒడిసిపట్టి మూసుకుంది. రోజూ ఓడల్లోంచి వలల్లో బస్తాలు పైకెత్తడం చూసే నాకు మనసాగలేదు, మా డాక్ వాళ్లలాగే "ఖీంచో! లాగు!" అని అరవబోయాను. నోరు తెరిచి ఉంది కదా, చొంగ మాత్రమే వచ్చింది.

బయటికొచ్చాక చూస్తే ఆ కొండ బియ్యపు నూకంత ఉంది. డాక్టరమ్మ నిమ్మచెక్క నోట్లో పెట్టింది. కళ్ళు మూసుకుని వాపు కోసం ఎదురుచూశాను. రాలేదు. నోరు మాత్రం హాయిగా ఊరింది. దానికే ఏడ్చేశాను.

ఆ క్రిస్మస్‌కి ఊరేగింపు ముందు నిలబడి, చెక్కుచెదరని పెదవులు బిగించి ఊదాను. పై స్వరం దగ్గర ట్రంపెట్ ఎప్పటిలాగే కీచుమంది. ఇన్నాళ్ళూ ఆ కీచంతా రాయి వల్లేనని పేటంతా నమ్మింది, అందరికంటే ఎక్కువగా నేను. మాస్టారు దగ్గరికొచ్చి నా దవడ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెదవి బంగారంలాగుంది బావూ. మరింక సాధన సెయ్యాల."

ఇప్పుడు డాక్ దుమ్ముకి ఊపిరి చాలక ట్రంపెట్ మానేశాను. అది ఊదే కుర్రాడు నాకంటే బాగా ఊదుతాడు, పై స్వరం కూడా పగలదు. వింటుంటే, వాడి పెదవులతో పాటు నా పెదవులూ బిగుసుకుంటాయి. ఆ కీచు స్వరం ఎక్కడ పోతుందోనని అద్దం ముందు వెక్కివెక్కి ఏడ్చిన అప్పటి నన్ను, ఆ మీసాలవాణ్ణి, తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు కనబడితే బాగుండును, వాడిచేత ఒక్కసారి ఊదించుకుని వినేవాణ్ణి.