టానిక్ మామ కారు

మా పెట్రోలు బంకులో అందరం ఆయన్ని టానిక్ మామ అనేవాళ్లం. టాక్సీ నడిపేవాడు. పంపు దగ్గర బండి ఆపి, అద్దం దించి, "అల్లుడూ, మన పిల్లకి టానిక్ పొయ్యి" అనేవాడు. పిల్ల అంటే కారు. టానిక్ అంటే ధర ఎక్కువుండే ప్రీమియం పెట్రోలు. మామూలుది పోస్తే ఇంజను నీరసపడిపోతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన బుర్రకెక్కించింది ఎవరో కాదు, నేనే.

మా మేనేజరు ఒక నియమం పెట్టాడు. రోజుకి ఇన్ని లీటర్ల ప్రీమియం అమ్మాలి, అమ్మనివాడు వారం పాటు ఎండలో గాలి పంపు దగ్గర నిలబడాలి. నేను చేరిన కొత్తలో దొరికిన అమాయకుడు టానిక్ మామ. "ఇది పోయిస్తే ఇంజను నూరేళ్లు బతుకుతుంది మామా" అన్నాను. నమ్మేశాడు. ట్యాంకు మూత తీసేది మేమే, ఆయన సీట్లోంచి దిగేవాడు కాదు. ఆ మూత వెనక కంపెనీవాళ్లు అంటించిన కాగితం మీద మామూలు పెట్రోలు చాలని స్పష్టంగా ఉంది. పదకొండేళ్లు ఆ కాగితాన్ని చూస్తూనే ప్రీమియం పోశాను. సిగ్గులేని చెయ్యి ఇది.

ఆయనకి చెప్పుకోదగ్గ సరదాలేవీ లేవు. మా వీధి చివర రెండు గదుల అద్దె ఇల్లు, భార్య, కారు. పిల్లలు లేరు. ఆదివారం కారు కడుగుతుంటే అత్తయ్య కిటికీలోంచి, "ఒంటికి సబ్బు రుద్దుకోవడానికి బద్ధకం, దానికి మాత్రం నాలుగు బకెట్లు!" అని దెప్పిపొడిచేది.

కిందటేడు ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. మందులు కొనలేక మామ మొహం పక్కకి తిప్పుకుని, "ఈసారికి మామూలుదే పొయ్యి అల్లుడూ" అన్నాడు. మూడో వారంలో నడిరోడ్డు మీద ఇంజను పట్టేసింది. మెకానిక్ విప్పి చూసి, ఇంజనాయిలు కారిపోయి అడుగంటిందనీ, పెట్రోలుకీ దీనికీ సంబంధం లేదనీ మొత్తుకున్నాడు. మామ వింటేగా! పదకొండేళ్లు ఏమీ కానిది ఇప్పుడెందుకైందంటాడు. కారు పాత ఇనుములోకి పోయింది. మామ ఒక గోదాముకి కాపలాదారుడయ్యాడు. అప్పుడైనా నేను నోరు విప్పొచ్చు. విప్పలేదు. మేనేజరు చెవిన పడుతుందని భయం.

పోయిన నెల అత్తయ్య చనిపోయింది. వారం తర్వాత పలకరించడానికి వెళ్లాను. మామ గోడకి చేరగిలబడి ఉన్నాడు.

"కక్కుర్తిపడి నా చేతులతో నేనే పిల్లని చంపుకున్నాను" అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. "మీరేం చంపలేదు మామా. మీ కారుకి ప్రీమియం అక్కర్లేదు. మామూలుదే చాలని మూత వెనకే రాసుంది."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన ఖాళీ మంచం వైపు చూశాడు.

"మీ అత్తయ్య చివర్లో మందులు మింగనని మొండికేసింది. 'నా మందుల కోసమే టానిక్ మానేశారు, నా వల్లే బండి పోయింది, ఇంక నా మీద ఒక్క పైసా పెట్టొద్దు' అనేది. నీ వల్ల కాదే అని కాళ్లావేళ్లా పడ్డాను. ఊరికే ఓదారుస్తున్నాననుకుంది."

నా వైపు తిరిగి, "నువ్వు చెబితే నమ్మేది" అన్నాడు.