మిషన్ కంటే ముందు కొన్న గ్లౌజులు

ఇంట్లో లోహాన్ని చెక్కే చిన్న మిల్లింగ్ మిషన్ పెట్టుకుని, ఇత్తడితో బొమ్మ ఇంజిన్లు చెయ్యాలని నాకు పిచ్చి పట్టిన రోజులవి. ఏ మిషన్ కొనాలో తేలలేదు గానీ, చేతులకు గ్లౌజులు మాత్రం ముందే కొనేశాను. మేడ్చల్‌లో బస్సెక్కి, వాటిని తొడుక్కుని చూసుకుంటూ ఫోన్లో మిషన్ల వీడియో పెట్టాను.

పక్క సీటాయన వంగి చూశాడు. దూలపల్లిలో ఒక షెడ్డులో ఆయనకు ఆ మిషన్ మీదే పనట.

"మొదటిసారి కొంటున్నరా సార్? పెద్ద మోటరని ఆగం గాకుండ్రి. బరువున్నది తీస్కోండ్రి, వణకదు. హ్యాండిల్ తిప్పి సూడుండ్రి, లూజుంటే వద్దు."

నేను సంబరంగా రెండు చేతులూ చూపించి, "సేఫ్టీకి ఇవి కూడా కొన్నానండీ" అన్నాను.

ఆయన నా గ్లౌజు అంచున వేలాడుతున్న దారాన్ని పట్టుకుని తన వేలికి గిరగిరా చుట్టాడు. దారం తెగలేదు. నా చెయ్యే ఆయన వైపు పోయింది.

"తిరిగే కట్టర్‌కు గింత దారం దొరికితే సాలు సార్, శెయ్యి మొత్తం గుంజుకుంటది. మిషన్ కాడ వట్టి శేతులే ఉండాలె."

"ఎవరికైనా అలా జరిగిందా?"

"మా తమ్మునికి. పొద్దుగాల ఇనుము సల్లగ తగుల్తాందంటే, గ్లౌజులు నేనే తొడిగిన."

ఆయన దారం విప్పి, దిగిపోయాడు. నా స్టాపు దాటిపోతున్నా నేను లేవలేకపోయాను.

తర్వాత మిషన్ కొన్నాను. ఇప్పుడు కొత్తవాళ్లెవరైనా ఏది కొనమంటారని అడిగితే, జవాబు చెప్పేలోపే నా కళ్లు వాళ్ల చేతుల మీదికి పోతాయి.