నవ్యకు ఇనరాదని నేను రాసిన రికార్డు

గీ రికార్డు చూడున్రి. మొదటి పేజీల పిల్ల పేరు కొట్టేసి, పక్కన ఎర్రపెన్నుతోని ఇంకో పేరు రాసున్నది గదా? గది ఎట్లయిందో చెప్తే నవ్వుతరు. నవ్వున్రి. నా ఇజ్జత్ సిరిసిల్లల పోనే పోయింది!

మీకు తెలుసు గదా, నేను జగిత్యాలల బీఎడ్ చేస్తున్న. టీచింగ్ ప్రాక్టీస్‌కు సిరిసిల్ల బడిల ఏసిన్రు, ఆరో తరగతి. ప్రత్యేక అవసరాలున్న ఒక పిల్ల మీద కేస్ స్టడీ రాయాలె, గదే గీ రికార్డు. అది లేకపోతే ప్రాక్టికల్స్ గోవిందా! నాకేమో గీ సబ్జెక్ట్ అంటే ప్రాణం. "ఏ పిల్లనూ వెనక బెంచిల వదిలిపెట్టద్దు, టీచరే గుర్తుపట్టాలె" అని హాస్టల్‌ల అందరికీ లెక్చర్లు దంచేదాన్ని.

మొదటి రోజు ఆఖరి బెంచిల ఒక పిల్లను పేరడిగిన. ఏదో అన్నది. పైన ఫ్యాను గడగడ, నాకు ఇనరాలే. "ఆఁ?" అన్న. మళ్ల చెప్పింది. మళ్ల "ఆఁ?" అన్న. గప్పుడు లేచి "నవ్యా!" అని గోడలదిరేటట్టు ఒర్రింది.

ఉలిక్కిపడ్డ. గంత గట్టిగ ఎందుకు ఒర్రింది? ఇగ ఆ రోజుసంది కనిపెట్టుడు షురూ. నీళ్లు తాగుతనని చెప్పెతందుకు బొటనవేలు చూపిస్తది. లెక్కకు జవాబు వేళ్లతోని చూపిస్తది. నేను మాట్లాడుతుంటే నా మూతినే చూస్తది. పుస్తకంల చెవుడు గుర్తుల లిస్టు తీసి చూస్తే టిక్కు, టిక్కు, టిక్కు! పిల్లకు ఇనరాదు! నిజం చెప్పాల్నా? బాధపడాల్సింది పోయి, కేసు దొరికిందని సంబురపడ్డ. సిగ్గులేనిదాన్ని.

ముందు బెంచిల కూసోబెట్టిన. నోరు బార్లా తెరిచి, ఒక్కో ముక్క సాగదీసి, చేతులు ఊపుకుంట పాఠం చెప్పిన. ఆ పిల్ల గూడ నాకు చేతులూపుకుంటనే జవాబు చెప్పేది. రెండు వారాలు! నలభై పేజీలు రాసిన. మెల్లగ క్లాసంతా నాతోని ఒర్రుకుంట మాట్లాడుడు మొదలుపెట్టిన్రు. అది నా పాఠం మీద హుషారు అనుకున్న.

శుక్రవారం మా సూపర్‌వైజర్ మేడం వచ్చింది. "రజితా, పిల్ల ఇంటికి పోయి తల్లితోని మాట్లాడుదాం పా" అన్నది. బడి ఇడిచినంక పోయినం. ఇంటి ముందటి షెడ్డుల నాలుగు కరెంటు మగ్గాలు, గదే సాంచాలు, నడుస్తున్నయి. నేను కోరుట్లల పసుపు చేన్ల పెరిగినదాన్ని, బట్ట నేసే సాంచాల సప్పుడు గంత దగ్గర ఎప్పుడిన్న? చెవులు గింగుర్లెత్తినయి. తల్లి సాంచా కాడ్నుంచే చేత్తోని ఏదో సైగ చేసింది. నవ్య గూడ సైగ చేసి, కుర్చీలు తెచ్చింది. అవ్వో! తల్లికీ ఇనరాదా! అక్కడ్నే నిలబడి రికార్డుల "వంశపారంపర్యం" అని రాసుకున్న. మేడం చూస్తుండంగనే!

తల్లి దగ్గరికొచ్చి, నా తల నిమిరి, నా చెవి చూపించి, "ఎట్లుంది?" అన్నట్టు చెయ్యి తిప్పింది. నేను ఊపిరి బిగబట్టి ఒర్రిన: "అక్కా! మీ బిడ్డకు..."

కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగినయి. గల్లీ మొత్తం సప్పుడు బందయింది. అండ్ల నా గొంతొక్కటే: "...ఇనరాదూ!"

ఎదురింటామె గూడ బయటికొచ్చి చూసింది. నవ్య మెల్లగ, మామూలు గొంతుతోని, "నాకు ఇనొస్తది టీచర్" అన్నది. "సాంచాల కాడ మాటలు ఇనరావు గదా, మేం చేతులతోనే చెప్పుకుంటం. మరి మీకు ఇనరాదనుకోని, మీతోని గూడ గట్లనే..."

"నాకా?"

"రెండుసార్లు ఆఁ, ఆఁ అన్నరు గద టీచర్. అందుకే క్లాసుల అందరికీ చెప్పిన, గట్టిగ మాట్లాడున్రని."

తల్లి నా చెయ్యి పట్టుకున్నది. "మా పిల్ల రోజూ చెప్తది బిడ్డా, కొత్త టీచర్ మంచిదే గని పాపం ఇనరాదని. ఏ డాక్టర్‌కు సూపెట్టుకున్నవ్?"

భూమి ఇచ్చుకపోతే అండ్లనే దూరుదామనిపించింది. మేడమేమో కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతనే ఉన్నది. నలభై పేజీలు! సోమవారం ఇయ్యాలె! "మేడం, ఇప్పటికిప్పుడు కొత్త కేసు ఏడ దొరుకుతది?" అని ఏడుపు మొఖం పెట్టిన.

"కొత్తదెందుకు? అంతా మంచిగనే రాసినవ్. పేరొక్కటి మార్చు" అని ఎర్రపెన్ను చేతికిచ్చింది.

గందుకే, చూడున్రి. పేరు: రజిత. సమస్య: చెవులు మంచిగనే ఉన్నయి, పిల్లను అడిగి తెలుసుకునుడే రాదు. టీచర్ చేయాల్సింది: ముందు బెంచిల కూసోబెట్టాలె.