తేనెనోటి దుబాసీ

మా మామయ్యకు రెండు భాషలు వచ్చు. ఒక్క భాషలోనూ నిజం చెప్పడం రాదు.

మా ఊళ్ళో రెండు జాతులవాళ్ళం ఉంటాం. మొదటినుంచీ ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళు ఏటివాళ్ళు. తోళ్ళ కార్ఖానా పెట్టినప్పుడు పనికోసం దిగివచ్చిన కొండవాళ్ళం మేము. మా పెద్దలకు వాళ్ళ భాష రాదు, వాళ్ళకు మా భాష రాదు. అయితే రాకపోవడంవల్ల వాళ్ళకు జరిగిన నష్టమేమీ లేదు. పురపాలక కార్యాలయం, ఠాణా, ఆసుపత్రి అన్నీ వాళ్ళ చేతిలోవే. ఉద్యోగ పరీక్షలన్నీ వాళ్ళ భాషలోనే. ఆసుపత్రిలో మాకు దక్కేవి ఊడ్చే పని, ఉతికే పని. మా అమ్మ అక్కడ దుప్పట్లు ఉతికేది.

అమ్మకు స్వయానా తమ్ముడు ఈ మామయ్య. చిన్నతనంలో ఒక ఏటి వకీలు ఇంట్లో పనికి కుదిరి, అంట్లు తోముతూనే వాళ్ళ భాష పట్టేశాడు. తెలివైనవాడే, కాదనను. పురపాలక కార్యాలయంలో దుబాసీ అయ్యాడు. ఆ రోజునుంచి ఆయన మెడ ముందుకు వంగిపోయింది, మావైపు తిరిగినప్పుడు మాత్రం నిటారుగా లేచేది. మా కొండవాళ్ళ పేటలో అందరూ ఆయన్ని తేనెనోరు అనేవాళ్ళు. ఆయన దాన్ని పొగడ్త అనుకునేవాడు.

ఒకసారి సంతలో రాళ్ళు రువ్వుకున్నారు. తలలు పగిలాయి. అప్పుడు పెద్దలంతా కలిసి సామరస్య సంఘమని ఒకటి పెట్టారు. నెలనెలా పురమందిరంలో అటు కొందరు, ఇటు కొందరు ఎదురుబొదురు కూర్చుని, టీ తాగి, బిస్కెట్లు తిని, చేతులు కలిపి ఫోటో దిగేవాళ్ళు. అధ్యక్షుడు ఒక ఏటి మిల్లు యజమాని, మనిషి పీపాలా ఉండేవాడు. మధ్యలో మా మామయ్య.

ఒకసారి కొండవాళ్ళ తరఫున అమ్మను పిలిచారు. నేను అప్పుడు బడిలో చదువుతున్నాను. బడి నడిచేది ఏటి భాషలోనే కాబట్టి నాకది బాగానే వచ్చు. తోడుగా వెళ్ళాను. అమ్మ లేచి ఒక్క ఉదుటున చెప్పేసింది.

"మా ఆడవాళ్ళు పురిటి నొప్పులతో అరుస్తుంటే ఆ అరుపులో మాటేమిటో ఒక్క నర్సుకీ తెలీదు. మా పిల్లలు చదువుకున్నారు. వాళ్ళని నర్సులుగా తీసుకోండి. పరీక్ష మా భాషలో కూడా పెట్టండి. లేకపోతే ఈసారి రాళ్ళతో ఆగదు."

మామయ్య గొంతు సవరించుకుని, ఏటి భాషలోకి ఇలా దించాడు. "ఆసుపత్రివారి సేవకు మా ఆడవాళ్ళు ఎంతో రుణపడి ఉన్నారు. మా పిల్లల్ని కూడా చల్లగా చూడమని వేడుకుంటున్నారు."

పీపా అధ్యక్షుడు మురిసిపోయి చప్పట్లు కొట్టాడు. చప్పట్లు చూసి అమ్మ బిత్తరపోయింది. బయటికి వచ్చాక జరిగింది చెప్పాను. అమ్మ మెట్ల మీదే తమ్ముణ్ణి పట్టుకుంది.

"ఏరా, నా నోట్లో మాట తీసి నీ నోట్లో చక్కెర పోసుకున్నావట?"

"అక్కా, నీకు తెలీదు. ఉన్నదున్నట్టు చెబితే కొంప మునుగుతుంది. గొడవలు రాకుండా చూడ్డమే నా ఉద్యోగం."

"నీ భయం గొడవొస్తుందనా, గొడవొస్తే నీ ఉద్యోగం పోతుందనా?"

ఆయన నవ్వాడు. సిగ్గులేనివాడికి నవ్వే సమాధానం. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, కర్ర పట్టుకున్నందుకు జీతం మాత్రం రావాలి. అదీ ఆయన బతుకు.

అలా ఏళ్ళు గడిచాయి. నాలాంటివాళ్ళం కొందరం పట్నం వెళ్ళి నర్సు చదువు చదివి వచ్చాం. వచ్చి, పరీక్షకే పిలవకపోతే ఇంట్లో కూర్చున్నాం.

ఒక వేసవిలో, సామరస్య సంఘం వార్షికోత్సవం నాడు, కార్ఖానాలో తోళ్ళు నానబెట్టే ఒకాయన కడుపు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఎక్కడ నొప్పో, ఏం తాగాడో ఎంత చెప్పినా ఎవరికీ అర్థం కాలేదు. దుబాసీకి కబురు పెట్టారు. ఆయన వేదిక మీద రెండు జాతుల అన్నదమ్ముల ప్రేమ గురించి అనువదిస్తున్నాడట, దిగడం కుదరలేదు. ఆ మనిషి బల్ల మీదే పోయాడు. పొరపాటున తాగింది కార్ఖానా మందు నీళ్ళని తర్వాత తేలింది.

కార్ఖానా వాళ్ళు శవాన్ని మోసుకుని నేరుగా పురమందిరానికే వెళ్ళారు. పేటంతా వెనక నడిచింది. అధ్యక్షుడు మెట్ల మీదికి వచ్చాడు, పక్కన మామయ్య. ముందున్నవాళ్ళు అరిచారు: మా పిల్లలకు ఉద్యోగాలివ్వాలి, అప్పటిదాకా ఆసుపత్రి తలుపులు తెరవనివ్వం.

"ఏమంటున్నారయ్యా?" అన్నాడు అధ్యక్షుడు.

"దుఃఖంలో ఉన్నారండీ. శవాన్ని పెద్దబజారు మీదుగా తీసుకెళ్ళడానికి అనుమతి అడుగుతున్నారు."

"ఓస్, అంతేనా? ఇచ్చామని చెప్పు."

మామయ్య మావైపు తిరిగి, చేతులు చాచి, "అడిగింది ఇచ్చామన్నారు!" అన్నాడు.

జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఏటి భాష వచ్చిన మేం వెనకున్నాం, అరుపుల గోలలో వాళ్ళిద్దరూ అనుకున్నది మాకు వినపడనే లేదు, తర్వాత విచారణలోనే తెలిసింది. కొండవాళ్ళు ఏడుస్తూ నవ్వారు. ఏటివాళ్ళు కిటికీల్లోంచి, ఇంత మంచివాళ్ళని తెలియక భయపడ్డామే అనుకున్నారు. ఊరంతా ఒక అబద్ధం మీద హాయిగా నిద్రపోయింది.

ఆ మర్నాడే మేం ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. అమ్మ మాత్రం, "వాడు తెచ్చిన వరం వాడి మొహంలాగే ఉంటుంది, చూసుకోండి" అంది. గేటు దగ్గర కాపలావాడు మమ్మల్ని చూసి, "ఉతికేవాళ్ళకి దారి వెనకనుంచి" అన్నాడు. ఉద్యోగాలిచ్చారుగా అన్నాం. లోపలినుంచి పెద్ద నర్సు వచ్చి, "ఎవరిచ్చారు? మీ బాబా?" అని తలుపు వేసేసింది.

మోసపోయామన్న మాట పేటకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆశ పెట్టి లాక్కుంటే వచ్చే కోపం, ఆశే లేనివాడి కోపంలాంటిది కాదు. మావాళ్ళు పురమందిరం తగలబెట్టారు. ఏటి కుర్రాళ్ళు కార్ఖానా వెనక మా ఇళ్ళ వరస తగలబెట్టారు. రెండు వైపులా మనుషులు పోయారు. వాళ్ళలో సంఘంలో బిస్కెట్లు తిన్నవాడు ఒక్కడూ లేడు.

మామయ్యకోసం రెండు వైపులవాళ్ళూ వెతికారు. ఆయన మా అమ్మ ఉతికే గదిలో, మాసిన దుప్పట్ల కుప్పలో దూరాడు. అమ్మ చూసి, ఆ కుప్ప మీద ఇంకో మోపు పడేసింది.

"అక్కా, ఊపిరాడట్లేదే!"

"నోరు మూసుకో. నువ్వు పుట్టాక చేసిన మొదటి మంచి పని అదే అవుతుంది."

మంటలు చల్లారాక రాజధానినుంచి ఒక విచారణాధికారిణి వచ్చింది. తన దుబాసీని తానే తెచ్చుకుంది. మామయ్య స్నానం చేసి, తల దువ్వుకుని వెళ్ళి సాయం చేస్తానంటే, అక్కర్లేదని గుమ్మంలోంచే పంపేసింది. అమ్మ మళ్ళీ పాత మాటలే చెప్పింది. ఈసారి అవి అవతలి ఒడ్డుకు ఎండకుండా, నానకుండా చేరాయి. అధికారిణి రాసుకుంటున్న కలం ఆపింది. "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.

"నెలనెలా చెప్పామమ్మా," అంది అమ్మ.

తర్వాత ఏడాది కొత్త నిబంధన వచ్చింది. ఆసుపత్రిలో, ఠాణాలో, పురపాలకంలో సగం కొలువులు కొండ భాష వచ్చినవాళ్ళకి, పరీక్ష రెండు భాషల్లోనూ. పీపా అధ్యక్షుడు ప్రతిభ మంటగలిసిందని గుండెలు బాదుకున్నాడు. ఆయన బావమరిది ఆసుపత్రి మందుల గదికి అధికారి. మందుల పేర్లు చదవడం రాక రంగును బట్టి సర్దేవాడు. ఆ ప్రతిభ గురించి మాత్రం ఆయన ఎన్నడూ బాధపడలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. మొదట్లో ఏటి ముసలమ్మలు నా చేత సూది వేయించుకోనన్నారు. నొప్పి ఎక్కువైనప్పుడు వేయించుకున్నారు. పొద్దున్నే ఠాణా ముందు మా పోలీసొకడు, వాళ్ళ పోలీసొకడు ఒకర్నొకరు తిట్టుకుంటూనే కలిసి లారీలు ఆపుతారు. ప్రేమలేమీ పొంగలేదు. కానీ ఆ తర్వాత ఊళ్ళో ఇల్లు కాలలేదు.

మామయ్య ఇప్పుడు కనబడినవాడికల్లా ఆ నిబంధన తనే తెప్పించానని చెబుతాడు. చెప్పగా చెప్పగా నమ్మేవాళ్ళూ దొరికారు. ఏటికి ఎగువన ఇంకో ఊళ్ళో రెండు జాతులకు పడటం లేదట, అక్కడ కొత్తగా పెట్టిన శాంతి సంఘానికి సలహాదారుగా రమ్మన్నారు. కొత్త కోటు వేసుకుని అమ్మ దగ్గరికి చెప్పడానికి వచ్చాడు.

"నా అనుభవం వాళ్ళకి పనికొస్తుందక్కా," అన్నాడు.

అమ్మ తడి దుప్పటి పిండుతూ తలెత్తలేదు. ఆయన వీధి మలుపు తిరిగాక నన్ను పిలిచింది.

"ఆ ఊళ్ళో నీతో చదివినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఉందమ్మా, ఒకతె."

"వాడు బస్సెక్కేలోపు దానికి ఫోన్ చెయ్యి. వీడు మాట్లాడేటప్పుడు రెండు భాషలొచ్చినదాన్ని ఒకత్తెని పక్కన కూర్చోపెట్టుకోమను."

చేశాను.